కాగితం పదును: తిరుపతి చుట్టూ ఆరు రోజులు

మూడేళ్ళుగా నీటి రంగులు వేస్తున్నాను. వారమంతా ఆఫీసులో లెక్కలు చూసుకోవడం, ఆదివారం పొద్దున బెజవాడలో మా ఇంటి కిటికీ పక్కన కూర్చుని బొమ్మ వేసుకోవడం అలవాటు. అదే కిటికీ, అదే ఫ్యాను గాలి, అదే వెలుతురు. పోయిన దసరాకి నా బొమ్మలన్నీ కలిపి మా మాస్టారికి చూపించాను. ఆయన చాలాసేపు తిరగేసి, "నీకు రంగు తెలిసిందమ్మా. తడి ఇంకా తెలియలేదు. గాలి మారిన చోట కూర్చుని వెయ్యి" అన్నారు. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

ఆ మాట నన్ను నెలల తరబడి వదల్లేదు. తడి తెలియకపోవడమేమిటి? కాగితం తడిపి రంగు వేస్తూనే ఉన్నాను కదా. సంక్రాంతి వెళ్ళాక వారం సెలవు పెట్టి తిరుపతిలో ఉన్న మా అక్క దగ్గరికి బయలుదేరాను. పన్నెండు రంగుల రేకు డబ్బా, మూడు కుంచెలు, పెన్సిలు, నీళ్ళకి మూత ఉన్న సీసా, పాత కాటన్ చీర ముక్కలు సర్దుకున్నాను. కాగితం రెండు రకాలు. ఒకటి ఎప్పుడూ వాడే చిన్న పుస్తకం. రెండోది ఒక దుకాణంలో చాలా తక్కువ ధరకి దొరికిన మందపాటి 300 జీఎస్ఎం కాటన్ షీట్లు. నాలుగు ముక్కలుగా కోసి అట్టల మధ్య పెట్టుకున్నాను. వాటి మీదే నా ఆశంతా.

మొదటి రోజు: కొండ ఎరుపు

రాత్రి రైలు తెల్లవారుజామున దింపింది. బైరాగిపట్టెడలో అక్కవాళ్ళ ఇంటికి చేరేసరికి అక్క అత్తగారు వాకిట్లో సానిపి (కళ్ళాపి) చల్లుతున్నారు. డెబ్బై దాటిన మనిషి. "రా పాపా, ఆ పక్కనించి రా. నేల ఇంకా పచ్చిగా ఉండాది" అన్నారు. నేను గోడ పక్కగా మెట్లెక్కి వెనక్కి చూశాను. బకెట్ పక్కన పెట్టేశారు, ముగ్గు గిన్నె చేతిలో ఉంది, కానీ ముగ్గు వెయ్యకుండా నేలనే చూస్తూ నిలబడ్డారు. ఎందుకు ఆగారో అడగాలనుకున్నాను. ఈలోగా అక్క కాఫీకి పిలిచింది, ఆ సంగతి మర్చిపోయాను.

కాఫీ గ్లాసుతో మేడ ఎక్కాను. ఉత్తరాన కొండ అడ్డంగా పరుచుకుని ఉంది. తిరుపతి వచ్చిన ప్రతిసారీ ఆ కొండను దండం పెట్టుకునే చూశాను తప్ప బొమ్మ వేసే కంటితో చూడలేదు. కింద సగం అడవి, ముదురాకుపచ్చ. పైన నిట్టనిలువు రాతి గోడ. సూర్యుడు రాకముందు ఆ గోడ బూడిద కలిసిన ఊదా రంగులో ఉంది. ఏడు కాబోతుండగా ఎండ పక్కనుంచి తాకింది, గోడ మొత్తం కాల్చిన ఇటుకలా వెలిగింది. ఆ వెలుగు పావుగంట కూడా నిలవలేదు.

ఈ కొండ కింది భాగం గ్రానైట్. దాని మీద చాలా కాలం తరవాత పేరుకుని గట్టిపడిన ఇసుకరాయి, క్వార్ట్‌జైట్ పొరలున్నాయి. ఆ రెండూ కలిసే గీత ఘాట్ రోడ్డు పక్కనే కనిపిస్తుంది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని జాతీయ స్మారకంగా గుర్తించి బోర్డు కూడా పెట్టారు. పైన తిరుమలలో శిలాతోరణం కూడా క్వార్ట్‌జైటే. రాతిలో ఉన్న ఇనుము వల్ల ఆ ఎరుపు వస్తుంది. నా డబ్బాలో ఉన్న బర్న్‌ట్ సియెన్నా కూడా ఇనుము ఉన్న మట్టిని కాల్చి చేసే రంగే కాబట్టి, ఆ గోడకి వేరే రంగు వెతకనక్కరలేదనుకున్నాను. నీడకి అందులోనే అల్ట్రామెరీన్ నీలం కలిపితే చక్కటి బూడిద రంగు వస్తుంది. ఈ లెక్క నాకు బాగా తెలుసు. మాస్టారు రంగు తెలిసిందన్నది దీన్ని గురించే.

మరి బొమ్మ ఎందుకు చెడిందంటే, ఆకాశం వేసిన వెంటనే కొండ మొదలుపెట్టాను. బెజవాడలో ఫ్యాను కింద అంతసేపటికి ఆకాశం ఆరిపోయేది. ఇక్కడ పొద్దుటి మంచుకి కాగితం ఆరలేదు. మెరుపు పోయింది గనక ఆరిందనుకున్నాను. కొండ అంచు మీద నీళ్ళెక్కువున్న కుంచె పెట్టగానే ఆ నీళ్ళు ఆకాశంలోకి పాకి, అక్కడి రంగును ముందుకు తోసేశాయి. చుట్టూ కోసుకుపోయిన అంచుతో కాలీఫ్లవర్ పువ్వు లాంటి మరక ఏర్పడింది. సగం ఆరిన చోట అంతకన్నా తడిగా ఉన్న కుంచె తగిలితే ఇలాగే అవుతుంది. పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివిన విషయమే. దాన్ని సర్దబోయి మళ్ళీ తడిపాను, మళ్ళీ వేశాను. నాలుగో పొరకి కొండ బురదలా తయారైంది.

సాయంత్రం కపిలతీర్థం వెళ్ళాను. జనవరి చివర కాబట్టి ధార సన్నగా పడుతోంది. వానాకాలంలో ఆ నీళ్ళు కోనేట్లోకి ఉరికే తీరు నాకు గుర్తుంది. దర్శనం చేసుకుని, బయటికొచ్చి రోడ్డు పక్కన అరుగు మీద కూర్చుని పెన్సిలుతోనే గీసుకున్నాను. రంగు డబ్బా తెరవలేదు. కూర్చున్నంతసేపూ చిత్రకారుడు దామెర్ల రామారావు గుర్తొచ్చారు. రాజమండ్రి గ్యాలరీలో ఆయన బొమ్మలు చూసి వచ్చిన రోజునే నేను మొదటి కుంచె కొనుక్కున్నాను. 1925లో, ఇరవై ఏడేళ్ళ వయసులో ఆయన చనిపోయారు. అంత చిన్న వయసులో అంత నిబ్బరంగా ఒక పొర వేసి చెయ్యి వెనక్కి తీసుకోవడం ఎలా కుదిరిందా అని ఆ బొమ్మల ముందు నిలబడినప్పుడల్లా అనిపిస్తుంది.

రెండో రోజు: చంద్రగిరి ఎండ

అక్క కూతురు స్కూటరు మీద తీసుకెళ్ళింది. తిరుపతి దాటాక అరగంట కూడా పట్టలేదు. విజయనగర రాజులు పెనుగొండ తరవాత రాజధాని చేసుకున్న చోటిది. వెనక బండరాళ్ళ కొండ, ముందు పచ్చిక, మధ్యలో మూడంతస్తుల రాజమహల్, కాస్త అవతల రెండంతస్తుల రాణిమహల్. రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, ఎక్కడా కలప వాడలేదని చెబుతారు. లోపల మ్యూజియం ఉంది. నేను ముందు నీడ వెతుక్కున్నాను.

చెట్టు కింద కూర్చునేసరికి పదిన్నర. కమాన్ల లోపల నీడలు గాఢంగా, గోడల మీద ఎండ తెల్లగా ఉంది. గోడకి రంగు వెయ్యకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను. నీటి రంగుల్లో తెలుపంటే కాగితమే. ఎండ పడ్డ గోడంతా కాగితాన్ని అలాగే వదిలి, కమాన్ల నీడలు, అంతస్తుల కింద పడ్డ చారలు మాత్రమే వేస్తే మహల్ దానంతటదే లేచి నిలబడుతుంది.

ఆలోచన సరైనదే. చెయ్యి మాత్రం అందుకోలేదు. కొండ మీది నుంచి పొడిగాలి వీస్తోంది. నిన్న ఆరనే ఆరని కాగితం ఈరోజు కుంచె కిందే ఆరిపోతోంది. ఒక కమాను నీడ వేసి పక్కదానికి వెళ్ళేలోగా మొదటిదాని అంచు గట్టిపడింది. రెంటినీ కలపబోతే మధ్యలో గీత పడింది. ఆకాశం సంగతి చెప్పనక్కరలేదు. ఎడమ నుంచి కుడికి వెళ్ళేసరికి మూడు చారలు తేలాయి.

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి కాగితం వెనక వైపు కూడా తడిపి అట్టకి అతికించాను. అలా చేస్తే కింది తడి పైదాన్ని కాసేపు కాపాడుతుంది. రంగు కూడా ముందే గిన్నెడు కలిపి పెట్టుకున్నాను. మధ్యలో కలుపుకోవడానికి ఆగితే అంతే సంగతులు. చిన్న కుంచె పక్కన పెట్టి, ఉన్నవాటిలో పెద్దదాన్ని తీసుకున్నాను. నీడలన్నిటినీ విడివిడి ముక్కలుగా కాకుండా ఒకదాంతో ఒకటి అంటుకున్న ఒకే ఆకారంగా చూసి, పైనుంచి కిందికి ఒక్క ఊపున దింపాను. రాజమహల్ కనిపించింది. నా ఒళ్ళు జల్లుమంది.

అప్పుడే రెండో తగువు మొదలైంది. ఆకాశంలో అక్కడక్కడా రంగు కాగితం లోపలికి ఇంకిపోయి ముదురు చుక్కలు తేలాయి. బ్లాటింగ్ పేపరు మీద సిరా పడ్డట్టు. కడిగినా పోలేదు. తక్కువ ధరకి తెచ్చిన ఆ షీట్ల మీదే ఇలా అవుతోంది, చిన్న పుస్తకంలో కావడం లేదు. తప్పు నీళ్ళదా, రంగుదా, నాదా అని టెన్షన్ పట్టుకుంది.

పచ్చిక కోసే ఒకావిడ పని ఆపి వచ్చి బొమ్మ చూసింది. "బాగుండాదమ్మా. గోడకి మాత్రం రంగెయ్యలేదే?" అని అడిగింది.

"గోడ కాగితమేనమ్మా. ఎండ అలాగే ఉంటుందని వదిలేశాను."

ఆవిడ మహల్ వైపు చూసి, మళ్ళీ కాగితం చూసి, "అవును కదా. ఎండకి రంగేముండాది" అంది. ఆ మాట పుస్తకంలో రాసుకున్నాను.

మూడో రోజు: కాళహస్తి

ఈ రోజు బొమ్మ వెయ్యకూడదు, చూడాలి అనుకుని ఒక్కదాన్నే బస్సెక్కాను. గంటకి పైగా ప్రయాణం. ముందు గుళ్ళోకి వెళ్ళాను. ఇక్కడి శివుడు వాయులింగం. స్వర్ణముఖి ఒడ్డున కాసేపు నిలబడ్డాను. ఇసుకే ఎక్కువ, నీళ్ళు పాయలుగా ఉన్నాయి. ఈ ఏటి నీళ్ళలోనే కలంకారీ గుడ్డలు ఉతుకుతారు. ఏరెండితే బోరు నీళ్ళే దిక్కని తరవాత తెలిసింది.

1950ల్లో ఈ విద్య దాదాపు ఆగిపోయే దశలో ఉన్నప్పుడు చేతి కళల కోసం పనిచేసిన కమలాదేవి చటోపాధ్యాయ పట్టుబట్టి ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టించడంతో మళ్ళీ ఊపిరి పోసుకుంది. 2008లో ఇక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టికి పద్మశ్రీ వచ్చింది. ఈనాడు ఊళ్ళో ఎన్నో ఇళ్ళు దీని మీదే బతుకుతున్నాయి. తెలిసినవాళ్ళ ద్వారా అలాంటి ఒక ఇంటికి వెళ్ళాను. వసారాలో నలుగురు వంగి గీస్తున్నారు. ఇంటి పెద్దాయన బల్ల ముందు చాప మీద కూర్చున్నారు. నేనూ బొమ్మలు వేస్తానని చెబితే, "ఏం రంగులు మా?" అన్నారు. నీటి రంగులన్నాను. "మావీ నీళ్ళే" అన్నారు.

నేను అడిగినవన్నీ ఓపిగ్గా చూపించారు. మొదట చూపించింది రంగు కాదు, గుడ్డ. ముతక నూలు గుడ్డ బాగా ఉతికి ఆరవేసింది ఒకటి, కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి పిండి ఆరవేసింది ఇంకొకటి. రెండింటి మీదా కసిమి చుక్క పెట్టారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చే ద్రవం అది. సీసాలో చూస్తే పల్చటి గోధుమ రంగు. ఉత్త గుడ్డ మీద ఆ చుక్క నాలుగు వైపులా పాకి వెలవెలబోయింది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే నల్లబడి, పడ్డచోటే నిలబడిపోయింది.

"నలుపు కరక్కాయదీ ఇనుముదీ కలిస్తే వస్తాది. పారకుండా పట్టుకునేది పాలు" అన్నారు. పాలలోని కొవ్వు నూలు పోగుల మధ్య చేరి తడిని అడ్డంగా పరుగెత్తనివ్వదు.

నాకు చంద్రగిరి ఆకాశం కళ్ళముందు మెదిలింది. సంచిలోంచి ఆ షీటు తీసి చూపించాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, మచ్చల మీద వేలితో రుద్ది, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశారు. "ఇది పాలు పోయిన గుడ్డ మా. నీ చేతి తప్పు కాదు" అన్నారు.

నిజం అదే. మంచి వాటర్‌కలర్ కాగితానికి జెలటిన్ లాంటి పూత ఉంటుంది. సైజింగ్ అంటారు. రంగు పైనే నిలబడి మనకి సమయమిచ్చేది దానివల్లే. ఏళ్ళ తరబడి చెమ్మలో ఉన్న కాగితానికి ఆ పూత అక్కడక్కడా దెబ్బతింటుంది. నా షీట్లు ఎక్కడ ఎంతకాలం పడి ఉన్నాయో. కాగితం గురించి నేను చదివిన దానికన్నా ఆ గుడ్డ మీద పడ్డ రెండు చుక్కలు ఎక్కువ చెప్పాయి. ఎన్నో రోజులుగా 'నాకు చేతకాదేమో' అని మనసులో ఉన్న బరువు కూడా కొంత దిగింది.

తరవాత పటిక పని చూశాను. ఎరుపు రావలసిన చోట్ల పటిక నీళ్ళతో వేస్తున్నారు. వేసేటప్పుడు దాదాపు ఏమీ కనిపించదు. ఆ గుడ్డను ఎరుపిచ్చే మొక్క వేళ్ళతో ఉడికిస్తే పటిక తగిలినచోటే ఎరుపు పడుతుంది. అంటే కనిపించని రంగును మనసులో పెట్టుకుని వెయ్యాలి. నీటి రంగులోనూ కాస్త ఇలాంటిదే ఉంది. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించింది ఆరాక పలచబడుతుంది. ఎంత పలచబడుతుందో ముందే ఊహించి వెయ్యాలి. కానీ వాళ్ళ ఊహ ముందు నాదెంత!

కలం చేతికిచ్చి ఒక పాత ముక్క మీద గీయమన్నారు. వెదురు పుల్ల చివర మొన, దానికి కాస్త పైన ఉన్ని చుట్టి దారం కట్టారు. ఉన్ని రంగును పీల్చుకుని ఉంచుతుంది, వేళ్ళతో కొద్దిగా నొక్కితే మొనకి దిగుతుంది. నేను గీసిన మొదటి గీత మూడు చోట్ల ఉబ్బింది. "నొక్కొద్దు మా. నువ్వు పుల్లని నడిపించు, అది దానంతటికది దిగుతాది" అన్నారు. ఇరవై గీతల తరవాత ఒకటి కుదిరింది. నా పెద్ద కుంచె పొట్ట కూడా ఈ ఉన్ని చుట్ట లాంటిదే. మూడేళ్ళుగా దాన్ని కాగితానికి అదిమి రుద్దుతున్నానని ఆ వసారాలో అర్థమైంది. బయలుదేరేటప్పుడు చిన్న చెట్టు బొమ్మ ఉన్న గుడ్డ ఒకటి కొనుక్కున్నాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాల వాసన ఇంకా ఉంది.

నాలుగో రోజు: వాకిలి

పొద్దున ఐదున్నరకే లేచి అత్తయ్య పక్కన మెట్టు మీద కూర్చున్నాను. సానిపి చల్లారు, చీపురుతో సమంగా పరిచారు, నిలబడ్డారు. ఈసారి అడిగాను.

"పదునుకు రావాల కదా పాపా. ఇప్పుడే వేస్తే పిండి నీళ్ళల్లో కరిగి పాకుతాది. బాగా ఆరినాక వేస్తే గాలికి ఎగిరిపోతాది."

"పదునుకి వచ్చిందని ఎట్లా తెలుస్తుంది?"

"చూస్తే తెలుస్తాది. నిగనిగ పోయి, నలుపు అట్నే ఉండాల."

అత్తయ్య పుట్టిల్లు పాకాల వైపు, చెనక్కాయ పండించే ఇల్లు. వాన పడిన మర్నాడు నాన్న చేలో మట్టి పిడికిట్లోకి తీసుకుని చూసేవాడని చెప్పారు. ముందు దున్నితే బురద, వెనకపడితే గట్టి. పదును తప్పితే విత్తనం మొలవదు.

మాస్టారు అన్న తడికి నాకు దొరకని మాట ఇదే. చిన్నప్పటినుంచి విన్న మాటే, కాగితానికి ఎప్పుడూ తగిలించుకోలేదు. ఆ రోజు తిరుమల వెళ్ళే పని పెట్టుకోలేదు. మేడ మీద కూర్చుని చిన్న పుస్తకంలో ఒకే పని చేశాను. పేజీని పన్నెండు గళ్ళు చేసి, ఒక్కో గడి తడిపి, ఒక్కో నిమిషం ఆగి ఒకే నీలం గీత పెట్టాను. నీళ్ళు నిలిచి అద్దంలా ఉన్నప్పుడు గీత మాయమైపోయింది. మెరుపు పట్టుగుడ్డలా మెత్తబడ్డాక అంచు నూగుగా విచ్చుకుని, ఆకారం నిలిచింది. మెరుపు పూర్తిగా పోయి, వేళ్ళ వెనకభాగం ఆనిస్తే చల్లగా తగిలినప్పుడు పెట్టిన చోట, అదిగో, మొదటి రోజు కాలీఫ్లవర్ పువ్వు. అక్కడే నీళ్ళు పిండేసిన కుంచెతో చిక్కటి రంగు పెడితే పువ్వు రాలేదు. కాగితం కన్నా కుంచె పొడిగా ఉండాలన్నమాట. చల్లదనం కూడా పోయాక గీత కత్తిలా నిలిచింది.

పన్నెండు గళ్ళకి మధ్యాహ్నం దాటింది. అక్క సంగటి, ఊరుబిండి మేడ మీదికే తెచ్చి పెట్టింది.

ఐదో రోజు: తలకోన

బావ కారులో అందరం వెళ్ళాం. చంద్రగిరి దాటి భాకరాపేట ఘాట్ మీదుగా దారి. రోడ్డుకి రెండు పక్కలా మామిడి తోటలు పూత మీద ఉన్నాయి. దూరం నుంచి ఆ పూత పసుపు, లేత గులాబీ, ఆకుపచ్చ కలిసిన రంగు. కలిపితే మురికి, పక్కపక్కన చుక్కలుగా పెడితే పూత. కారు ఆపించి రెండు నిమిషాల్లో రంగుల పేర్లు మాత్రం రాసుకున్నాను. ఘాట్ అడవిలో ఎర్రచందనం చెట్లు చూపించారు బావ. బెరడు మొసలి చర్మంలా పలకలు పలకలుగా ఉంటుంది. లోపలి చేవలో మాత్రం శాంటలిన్ అనే గాఢమైన ఎర్ర రంగు ఉంటుంది.

నేరబైలు దాటి తలకోన చేరాం. సిద్ధేశ్వర స్వామి గుడి దగ్గరినుంచి నడక. పైకి వెళ్ళేకొద్దీ చెట్లు దగ్గరపడి వెలుతురు ఆకుపచ్చగా మారింది. మోకాలంత లావు తీగలు చెట్టునుంచి చెట్టుకి పాకి ఉన్నాయి. జలపాతం ఎత్తు 270 అడుగులు. ఎండాకాలంలో కూడా పూర్తిగా ఎండదంటారు. నీళ్ళు మధ్యలోనే తుంపరై, గాలి ఎటు వీస్తే అటు వాలుతున్నాయి. నేను దూరంగా రాయి మీద కూర్చున్నాను. కోతుల భయానికి సంచి జిప్పు వేసి కాళ్ళ మధ్య పెట్టుకున్నాను.

చిన్న పుస్తకం కాదు, ఆ మచ్చలొచ్చే షీటే తీశాను. రాయి మీద మచ్చలుంటే నష్టమేముందనిపించింది. నీళ్ళ ధార కోసం మధ్యలో కాగితం పొడిగా వదిలి, రెండు పక్కలా తడిపి మొదటి పొర వేశాను. ఆరుతుందని చూశాను. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. ఆరలేదు. చెట్ల నీడ, గాలినిండా తుంపర. చంద్రగిరిలో నిమిషంలో ఆరిన కాగితం ఇక్కడ నిగనిగలాడుతూనే ఉంది. మొదటి రోజైతే లేచి వెళ్ళిపోయేదాన్ని, లేదా మీద మీద వేసి పాడుచేసేదాన్ని.

పొరలు పొరలుగా వెయ్యాలన్న ఆలోచన మానేశాను. ఈ చోటు ఒక్క తడిలోనే పూర్తిచెయ్యమంటోంది. మెరుపు పట్టులా మారడానికి ఇంకో పావుగంట పట్టింది. ఆ సమయమంతా రాళ్ళనే చూశాను. ధార పక్కన రాయి తడిసి దాదాపు నల్లగా ఉంది, దాని పక్కన నాచు, ఇంకాస్త ఎడంగా ఎరుపు. ధార తెల్లగా ఉందనుకున్నాను గానీ, పైభాగంలో మాత్రమే తెలుపు. కింద నీడలో లేత నీలం బూడిద. ఇంతసేపు ఒకే చోట చూస్తూ కూర్చోవడం నాకు ఇంతకుముందు అలవాటు లేదు.

పదునుకి వచ్చిందనిపించాక కుంచెని గుడ్డకి అద్ది, అల్ట్రామెరీన్, బర్న్‌ట్ సియెన్నా చిక్కగా కలిపి ధార అంచు వెంట పెట్టాను. అదమలేదు. రంగు దానంతటది దిగింది. పొడి కాగితం వైపు అంచు గట్టిగా నిలిచింది, తడి వైపు మెత్తగా రాతిలోకి కలిసిపోయింది. అల్ట్రామెరీన్ గింజలు కాగితం గుంటల్లో చేరి రాతి గరుకు తెచ్చాయి. ఏడెనిమిది సార్లకి మించి కుంచె ఆనించలేదనుకుంటా. ఇంతలో గాలి తిరిగి తుంపర బొమ్మ మీద పడింది. పడిన ప్రతిచోటా చిన్న చిన్న నక్షత్రాల్లా రంగు తొలగింది. అయ్యో అంటూ అక్క కూతురు గొడుగు పట్టబోయింది. వద్దన్నాను. ఆ చుక్కలు నేను వెయ్యగలిగినవి కావు. తలకోన నీళ్ళు తలకోన బొమ్మ మీద పడితే తుడవడమెందుకు?

సైజింగ్ పోయిన చోట్ల మచ్చలు వచ్చాయి. రాయిలో కలిసిపోయాయి. ఒకటి మాత్రం సరిగ్గా ధార మధ్యలో తేలింది. అది తప్పే. అలాగే ఉంచాను.

అట్ట మీద బొమ్మను ఒళ్ళో పెట్టుకునే తిరుపతి వచ్చాను. ఘాట్ మలుపుల్లో రంగు ఒక పక్కకి జారకుండా దాన్ని సమంగా పట్టుకోవడానికే సరిపోయింది. చంద్రగిరి దగ్గర కొచ్చేసరికి కాగితం వేళ్ళకి చల్లగా తగలడం మానేసింది.

ఆరో రోజు: మళ్ళీ మేడ

సాయంత్రం రైలు. పొద్దున ఆరున్నరకే మేడ ఎక్కాను. అదే కొండ, అదే ఊదా నీడ. చిన్న పుస్తకంలో మిగిలిన చివరి పేజీ తెరిచాను. ఆకాశానికి ఒకే పొర, పైన నీలం, కిందికి వచ్చేసరికి పసుపు మట్టి రంగు రా సియెన్నా వెచ్చదనం. కొండగోడ మీది ఎండకి కావలసినంత కాగితం వదిలాను. ఇంకా ఎండ రాలేదు. వస్తుందని తెలుసు గనక వదిలాను.

ఇప్పుడు కొండ వెయ్యాలి. ఆకాశం మెరుస్తోంది. కుంచె గుడ్డ మీద పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. కింద చీపురు చప్పుడు ఆగింది. అక్క కాఫీకి పిలిచింది, నేను లేవలేదు. కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అత్తయ్యే గ్లాసు పట్టుకుని పైకొచ్చారు. గ్లాసు గోడ మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా వెనక నిలబడి కాగితం వైపు వంగి చూశారు. కొండ కొసన ఎరుపు మొదలవుతోంది.

"పదునుకొచ్చిందా పాపా?"

"ఇంకా రాలేదత్తయ్యా" అన్నాను.